కరవు సీమకు రంగులద్దే విద్య

వాతావరణ మార్పు దెబ్బ ఏ జిల్లాకు ఎంత లోతుగా తగులుతుందో లెక్కగట్టి పటంపై రంగుల్లో చూపే పనివారికి అనంతపురం పీఠభూమి కఠినమైన పరీక్ష. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ సీమలో, లోతులేని ఎర్రనేలల్లో వానను నమ్ముకుని వేరుశనగ వేస్తారు కాబట్టి, వర్షపాత పటం ఒక్కటే ఇక్కడి ప్రమాదాన్ని పూర్తిగా చెప్పలేదు.

దుర్బలత్వం అంటే ఆపద ఎదురయ్యే తీవ్రత, దానికి నేలా పంటా లోనయ్యే తీరు, జనం తట్టుకోగల శక్తి అనే మూడింటి కలయిక. నేల లోతు, భూగర్భజలం, అక్షరాస్యత, సాగునీటి వసతి వంటి పొంతన లేని అంకెలను సున్నా నుంచి ఒకటి వరకు ఉండే ఒకే కొలబద్దకు తెచ్చి, అంటే ప్రామాణీకరించి, దేనికెంత బరువివ్వాలో నిర్ణయించడంలోనే ఈ పటాలు గీసేవారి నేర్పంతా ఉంది. అది గణితం కన్నా వివేకానికి పరీక్ష అనడం అతిశయోక్తి కాదు.

ఇలాంటి పనికి ఒక ఉదాహరణగా, 2004లో పరిశోధకురాలు కరెన్ ఓబ్రియన్ బృందం ప్రచురించిన అధ్యయనం వాతావరణంతో పాటు ప్రపంచీకరణ ఒత్తిడినీ భారతదేశంలో జిల్లాలవారీగా పటాల్లోకెక్కించింది. మరింత మెచ్చదగినదేమంటే, ఆ బృందం పటాల దగ్గరే ఆగక అనంతపురం పల్లెకు వెళ్లి, కరవుతో పాటు దిగుమతి నూనెల పోటీ కూడా వేరుశనగ రైతును ఎలా కుంగదీస్తున్నదో పరిశీలించింది. అయితే 2022 ఏప్రిల్‌లో అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లా విడిపోవడంతో, జిల్లా మొత్తానికి కూర్చిన పాత అంకెలను కొత్త సరిహద్దులతో పోల్చాలంటే మళ్లీ మండలాల స్థాయికి దిగవలసిందే.