ఖైరాత్ కాదు, ముఆవజా

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది, ఆ వెనకే పోలీసు కాల్పుల్లో ఐదుగురు పోయారు. ఇట్లాంటప్పుడు తెలుగు పత్రికలు రాసే మాట ఎక్స్‌గ్రేషియా. అంటే దయ. ఖైరాత్! కోరుట్లలో మా ఇళ్లల్లో అనేది ముఆవజా: పోయినదానికి బదులు రావాల్సిన బాకీ. తేడా చిన్నది కాదు. పేలుళ్ల తర్వాత పట్టుకుపోయి, నిర్దోషులుగా బయటపడ్డ మా పిల్లలకు సర్కారు ఇచ్చిన సొమ్మును 2013లో హైకోర్టు చట్టం ఆధారం లేదని కొట్టేసింది. దయగా ఇచ్చింది గుంజుకోవడం తేలికే.

కోయిలకుంట్ల సబ్‌జైలులో 1977లో పోలీసు కాపలా నిర్లక్ష్యం వల్ల బాంబులకు తండ్రిని పోగొట్టుకున్న కొడుకు సివిల్ దావా వేశాడు. తూటాల కేసు కాదది. అయినా సర్కారు సార్వభౌమాధికారాన్ని అడ్డం పెట్టింది. ప్రాణహక్కు ముందు అది చెల్లదని 2000లో సుప్రీంకోర్టు తేల్చింది. దక్కింది 1,44,000 రూపాయలు, ఇరవై మూడేళ్లకు. తక్కువే, ఆలస్యమే. కానీ బాకీగా వచ్చింది. తూటాలకు పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు పత్రికలు ముఆవజా అనే రాయాలని మేం అడుగుతున్నాం.