చౌమహల్లాలో లేని గది

మ్యూజియం కూడా ఒక గ్రంథమే. దానికీ ఒక దృక్పథం ఉంటుంది. చెప్పిన దానితోపాటు చెప్పక విడిచినదీ ఉంటుంది. కావ్యాన్ని విమర్శించినట్లే దానినీ విమర్శించవచ్చును. కొండగట్టు ప్రాంతంలో పాఠాలు చెప్పుకునే నేను కొందరు విద్యార్థులతో హైదరాబాదు వెళ్ళి చౌమహల్లా సౌధం చూసినప్పుడు కలిగిన ఆలోచనలను ఈ దృష్టితోనే పాఠకుల ముందుంచుతున్నాను.

1750లో సలాబత్ జంగ్ కాలాన మొదలైన ఈ నిర్మాణం అయిదవ నిజాము అఫ్జలుద్దౌలా ఏలుబడిలో, 1857-69 మధ్య పూర్తయింది. అఫ్జల్, అఫ్తాబ్, మహ్తాబ్, తహ్నియత్ అనే నాలుగు మహళ్ళను బట్టి దానికా పేరు వచ్చింది. ఖిల్వత్ దర్బారులో పాలరాతి గద్దె, దానిపైన 19 బెల్జియం గాజు షాండ్లియర్లు, గోడల మీద సున్నపు పనితనం చూసి తీరవలసినవే. శిథిలమవుతున్న సౌధాన్ని బాగుచేసి 2005లో ప్రజలకు తెరిచారు. 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది. ఆ శ్రమను మెచ్చుకోవడానికి నాకు సంకోచం లేదు.

విద్యార్థులలో రెండు అభిప్రాయాలు వినవచ్చినవి. “ఇదంతా దోపిడి సొమ్మే గదా, చూడవలసిందేమున్నది సార్?” అన్నాడొకడు. “అందాన్ని అందంగా చూడరాదా, ప్రతిదానికీ రాజకీయమేనా?” అన్నాడు మరొకడు. ఇద్దరిదీ సగం చూపే. సున్నంలో లతలు దిద్దిన చెయ్యి నిజాముది కాదు, పనివానిది. సౌధాన్ని కాదంటే ముందుగా ఆ పనివానినే కాదన్నట్లు. ఇక అందానికి ఒక ఖర్చున్నది, ఆ ఖర్చును ఎవరో భరించారు. ఆ సంగతి అడగనివాడు అందాన్నయినా పూర్తిగా చూడలేదనవలసి వస్తుంది.

ఎవరు భరించారు? హైదరాబాదు సంస్థానపు భూమిలో సుమారు 60 శాతం దివానీ, 30 శాతం జాగీర్లు. మిగిలిన పదోవంతు సర్ఫేఖాస్, అంటే నిజాము సొంత ఖర్చులకు ప్రత్యేకించినది. అక్కడి రైతు కట్టిన శిస్తు నేరుగా ప్రభువు ఇంటికే చేరేది. 1949లో సర్ఫేఖాస్ ప్రభుత్వంలో కలిసింది, జాగీర్లు రద్దయినవి. అంతవరకు ఆ రైతు ఈ సౌధకథలో ముఖ్యపాత్ర.

మరొక పాత్ర తుర్రేబాజ్ ఖాన్. అఫ్జలుద్దౌలా గద్దెనెక్కిన 1857లోనే, జూలై 17న, తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ జనంతో కలిసి ఇంగ్లీషువారి రెసిడెన్సీ మీద దాడి చేశారు. దర్బారు ఇంగ్లీషువారి పక్షాన నిలిచింది. 1859లో తుర్రేబాజ్ ఖాన్ హతుడైనాడు. మౌల్వీని అండమానుకు పంపారు. సౌధం ప్రశాంతంగా పూర్తికావడానికి చెల్లిన వెలలో ఇదీ ఒక భాగం.

అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది వెట్టి. రాజు వాడిన దుస్తులు, ఆయుధాలు, మోటారు బండ్లు మిగిలినవి. వెట్టివానికి ఏమి మిగిలింది? కూలి లేదు గనుక లెక్క లేదు. లెక్క లేదు గనుక కాగితం లేదు. గడికి మోసిన కట్టెలు కాలిపోయినవి, ఊరికే ఇచ్చిన కుండలు పగిలిపోయినవి. అద్దాల బీరువాలో పెట్టడానికి వస్తువేదీ? ఇది ఎవరో ఒకరి దురుద్దేశం మాత్రమే కాదు. వస్తువులతో చరిత్ర చెప్పే పద్ధతికే ఉన్న పరిమితి ఇది. దోపిడి ఎంత సంపూర్ణమైతే దాని ఆనవాలు అంత తక్కువ.

ఆ లోటును కొంత పూరించినది తెలుగు నవల. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ చదివినవానికి గడి గుమ్మం ముందు ఎవరు నిలబడ్డారో తెలుస్తుంది. ఏడవ నిజాము కాలంలో ఇందూరు కోట జైలులో ఆళ్వారుస్వామి ఉన్నాడు. అక్కడే దాశరథి కృష్ణమాచార్య గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశాడు. ఖిల్వత్ గోడ, ఆ జైలు గోడ రెండూ ఒకే ప్రభుత్వానికి సాక్ష్యాలు. ఒకదానిని విడిచి మరొకదానిని చదివితే చరిత్ర అర్థం కాదు.

ఇంతటితో తృప్తి పడడానికి వీలు లేదు. 1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసింది కాని వెట్టి ముగియలేదు. మూడు దశాబ్దాల తరువాత, 1978 సెప్టెంబరు 7న, జగిత్యాల జైత్రయాత్రలో కదిలిన రైతుకూలీలు గడీల పెత్తనాన్నీ వెట్టినీ ఎదిరించి వచ్చినవారే. అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. రాజరికం అద్దాల వెనక్కి చేరింది గనుక ఆ కథ అయిపోయిందనుకోవడం మా ప్రాంతపు అనుభవానికి విరుద్ధం.

కాబట్టి ఉపాధ్యాయులకు ఒక సూచన. పిల్లలను చౌమహల్లాకు తీసికొని వెళ్ళండి, కాని దానికి ముందు ఊళ్ళోని ముసలివాళ్ళ దగ్గర కూర్చోబెట్టండి. ఏ గడికి ఎవరు ఏ పని చేశారో, ఏ పండుగకు ఏమి మోశారో, ఎప్పుడు మానుకున్నారో వారి మాటల్లోనే రాయించండి. వెట్టి చూసిన తరం త్వరగా తరిగిపోతున్నది. ఆ నోటుపుస్తకాలే సౌధంలో లేని అయిదవ మహలుకు మొదటి సామగ్రి అవుతాయి.