షైలాక్ ఉంగరం, బసానియో ఉంగరం

‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ అనగానే అందరికీ గుర్తొచ్చేది కోర్టు సీను. నాకు మాత్రం ఆ నాటకం గుట్టు రెండు ఉంగరాల్లో ఉందనిపిస్తుంది.

లేచిపోయిన కూతురు జెస్సికా, పెళ్ళికి ముందు లేయా తనకిచ్చిన ఉంగరాన్ని ఓ కోతి కోసం ఇచ్చేసిందని విని షైలాక్ విలవిల్లాడతాడు. అడివెడు కోతులిచ్చినా తను ఇచ్చేవాణ్ణి కాదంటాడు. బసానియో? ప్రాణం పోయేదాకా తీయనని పోర్షియాకి మాటిచ్చిన ఉంగరాన్ని, ఆంటోనియో ఒక్క మాట చెప్పగానే లాయరుకి పంపించేస్తాడు. 3000 డకట్ల పత్రం రాయించుకున్న వడ్డీవ్యాపారికే వెలకట్టలేని వస్తువంటే ఏంటో తెలుసు.

షైలాక్ కత్తి నూరడాన్ని నేను సమర్థించను. కానీ మాట తప్పిన బసానియోకి దక్కింది ముద్దుగా నాలుగు చీవాట్లు. షైలాక్‌కి ప్రాణం మిగిలింది, మతం పోయింది. దయ గురించి అంత గొప్పగా మాట్లాడిన పోర్షియా రెండుచోట్లా ఉంది. ఆమె దయ అయినవాళ్ళ దాకానే. అందుకే ఈ కామెడీ చివర నవ్వు రాదు.