చిన్న తరగతుల పెద్ద చదువు

తెలుగు రాష్ట్రాల్లో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులను తీర్చిదిద్దే కోర్సు రెండేళ్ల డీఎల్‌ఈడీ. పాత తరంవారు దీన్ని టీటీసీగా ఎరుగుదురు. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత ఏర్పడిన జిల్లా విద్యా శిక్షణ సంస్థలు, అంటే డైట్‌లు, దీనికి ఆయువుపట్టు. ఇంటర్ పూర్తిచేసినవారు ప్రవేశ పరీక్ష రాసి చేరతారు.

శిశు వికాసం, మనోవిజ్ఞానంతో పాటు తెలుగు, గణితం, పరిసరాల విజ్ఞానం, ఇంగ్లిష్ బోధించే పద్ధతులు ఇందులో పాఠ్యాంశాలు. ఈ చదువు గొప్పతనం తప్పును చదవడం నేర్పడంలో ఉంది. 42లోంచి 17 తీసేయమంటే రెండో తరగతి పిల్ల 35 అని రాస్తుంది. ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కనుక 7లోంచి 2 తీసేసింది. అక్కడ శిక్షణలో ఉన్న ఛాత్రోపాధ్యాయుడు కసురుకోడు. పదేసి పుల్లల కట్టలు నాలుగు, విడి పుల్లలు రెండు ముందుంచి, ఒక కట్ట విప్పిస్తాడు. విడి పుల్లలు పన్నెండవుతాయి. ఏడు తీస్తే ఐదు మిగులుతాయి. మిగతా మూడు కట్టల్లో ఒకటి తీస్తే రెండు ఉంటాయి. పిల్ల తానే 25 అని సరిదిద్దుకుంటుంది.

ఆపై పాఠశాలల్లో బోధనాభ్యాసం. పాఠ్య పథకం రాసుకోవడం, బోధనోపకరణాలు చేసుకోవడం, అధ్యాపకుల పరిశీలనలో పాఠం చెప్పడం, లోపాలు దిద్దుకోవడం దీనిలో భాగం. అక్షరం, అంకె తొలిసారి దిద్దించే చేతికి ఇంతటి సాధన తప్పనిసరి. అందుకే ఈ వృత్తి విద్య ఎంతో గౌరవనీయం.