భారతంలో యుద్ధానంతర దుఃఖం – ‘నైతిక గాయం’ భావన: ఒక పరిశీలన

1. ప్రస్తావన

అడిక్‌మెట్, తార్నాకల మధ్య ఉన్న ఉస్మానియా ప్రాంగణం నేపథ్యంగా నవీన్ రచించిన ‘అంపశయ్య’ (1969) ఒక విద్యార్థి మనోవేదనకు భీష్ముని పడక పేరు పెట్టింది. యుద్ధ గాయం మనోగాయానికి ప్రతీక కావడం తెలుగు పాఠకునికి కొత్త కాదు. అయితే యుద్ధం చేసినవారి మనఃస్థితిని భారతం ఎలా చూసిందన్న ప్రశ్నకు నేటి సైనిక మానసిక ఆరోగ్య పరిశోధన వెలుగులో సమాధానం వెదకవలసి ఉంది. వ్యాసభారత కథాక్రమం ఈ పరిశీలనకు ఆధారం.

2. గాయం ఎక్కడ?

1915లో చార్లెస్ మయర్స్ ‘షెల్ షాక్’ అనే మాటను వైద్యసాహిత్యంలోకి తెచ్చాడు. ఫిరంగి గుండ్ల పేలుడు తాకిడికి మెదడు దెబ్బతింటుందని మొదట భావించారు. పేలుడుకు దూరంగా ఉన్న సైనికులలోనూ అవే లక్షణాలు కనిపించడంతో ఆ వాదం నిలవలేదు. కట్టడంపై పడే ఆఘాతాన్ని ఇంజనీరు బలం, వ్యవధులతో లెక్కగడతాడు; మనస్సుపై పడే ఆఘాతానికి అటువంటి కొలత లేదు. 1994లో జొనాథన్ షే ‘అకిలీజ్ ఇన్ వియత్నాం’ గ్రంథంలో, అధికారంలో ఉన్నవారు ధర్మాన్ని వంచించినప్పుడు సైనికునికి కలిగేదే నైతిక గాయమని ప్రతిపాదించాడు.

3. ధర్మరాజు దుఃఖం

ఈ నిర్వచనం ధర్మరాజుకు నేరుగా వర్తించదు. ఆయన వంచితుడైన సైనికుడు కాడు. యుద్ధం నడిపిన రాజు. తన అసత్యంతో ద్రోణుడు ఆయుధం విడిచాడు. తన మాటపై అభిమన్యుడు వ్యూహంలోకి వెళ్లాడు. కర్ణుడు అన్న అని యుద్ధం ముగిశాకే తెలిసింది. శాంతిపర్వంలో ఆయన ఈ మరణాలను ఒక్కొక్కటిగా తలచుకొని, రాజ్యం వద్దని, ప్రాయోపవేశం చేస్తానని అంటాడు. ఇక్కడ బాధకు మూలం తాను చూసినది కాదు, చేసినది. కనుక ఆయన స్థితిని ఆఘాతానంతర రుగ్మత లక్షణాల పట్టికతో పోల్చి చూసి ఊరుకునే విమర్శ సగం దూరమే వెళుతుంది.

4. భీష్ముని సమక్షం

అంపశయ్యపై ఉన్న భీష్ముని ఎదుటికి రావడానికి ధర్మరాజు సిగ్గుపడతాడు. కృష్ణుడు ముందుగా భీష్ముని శరీరబాధను ఉపశమింపజేస్తాడు. ఆ తరువాతే ఉపదేశం. ఎవరి పతనానికి తాను కారణమో వారే “భయపడక అడుగు” అని పిలవడం గమనార్హం. తర్కం కన్నా ముందు ఈ ఆహ్వానమే గాయాన్ని తాకింది.

అయినా అది మానలేదు. అశ్వమేధపర్వ ప్రారంభంలో, భీష్మునికి జలతర్పణం చేసిన వెంటనే, గంగ ఒడ్డున ధర్మరాజు మళ్లీ కూలిపోతాడు. అంత సుదీర్ఘమైన ధర్మబోధ తరువాత కూడా దుఃఖం తిరిగి వచ్చిందని కవి దాచలేదు. శాంతిపర్వాన్ని ‘విజయవంతమైన మానసిక చికిత్స’గా చదివే ధోరణికి ఇది బలమైన ప్రతివాదం.

5. ముగింపు

ఆజ్ఞ ఇచ్చినవానికీ నైతిక గాయం ఉంటుందని, అది బోధతో తొలగే వ్యాధి కాదని భారతం చూపింది. ఆధునిక పరిశోధన సైనికుని వైపు నుండి చేసిన నిర్వచనాన్ని ఇది రాజు వైపు నుండి పూరిస్తుంది. విరాటపర్వం నుండి పదిహేను పర్వాలను తెనిగించిన తిక్కన ఈ పశ్చాత్తాప ఘట్టాలలో దేనిని పెంచాడు, దేనిని కుదించాడు అన్న తులనాత్మక అధ్యయనం తెలుగు పరిశోధకుల ముందున్న తక్షణ కర్తవ్యం.