తల్లి కణం జాడ

మల్కాజ్‌గిరిలో ఏ డాబా మీదో అరచెయ్యి చాపి నిలబడితే, నిమిషంలో వంద దాకా మ్యూయాన్లు అనే కణాలు అందులోంచి దూసుకుపోతాయి. కాస్మిక్ కిరణాలు పై వాతావరణంలో గాలిని ఢీకొన్నప్పుడు పయాన్లు పుడతాయి. అవి క్షయం చెందగా వచ్చినవే ఈ మ్యూయాన్లలో చాలా భాగం. ఇక్కడికి దగ్గర్లోనే, ఈసీఐఎల్ వైపు, టాటా ఇన్‌స్టిట్యూట్ (టీఐఎఫ్ఆర్) వారి బెలూన్ కేంద్రం 1969 నుంచీ ఉంది. భూఅయస్కాంత మధ్యరేఖకు దగ్గర కావడం హైదరాబాద్‌కు కలిసొచ్చింది. దాదాపు 17 జీఈవీ కన్నా తక్కువ శక్తి ఉన్న ప్రోటాన్లు ఇక్కడ నిట్టనిలువుగా దిగలేవు. భూమి అయస్కాంత క్షేత్రమే జల్లెడ పట్టేస్తుంది.

కంప్యూటర్లు రాకముందు ఈ క్షయాలను ఎమల్షన్ ఫలకాల్లో, సూక్ష్మదర్శిని కింద కంటితో వెతికేవారు. 1947లో బ్రిస్టల్‌లో భౌతికవేత్త పావెల్ బృందం పయాన్‌ను పట్టుకున్నది అలాగే. ఆగిపోయిన పయాన్ నుంచి బయల్దేరిన మ్యూయాన్ గీత ప్రతిసారీ ఇంచుమించు 600 మైక్రాన్లే ఉండేది. ఆ నిలకడలోనే అసలు సంగతి ఉంది. నిశ్చలంగా ఉన్న కణం రెండుగా విడిపోతే, ద్రవ్యవేగం, శక్తి రెండూ నిలవాలి కాబట్టి, పిల్ల కణాల శక్తి ముందే ఖాయమైపోతుంది. మూడుగా విడిపోతే ఆ ఖాయం ఉండదు. మ్యూయాన్ క్షయంలో ఎలక్ట్రాన్ శక్తి సున్నా దగ్గర్నుంచి దాదాపు 53 ఎంఈవీ దాకా ఎంతైనా కావచ్చు.

ఇవాళ ఈ క్షయాలను కంప్యూటర్‌లో అనుకరించే పని జియాంట్4 చేస్తోంది. సెర్న్ కేంద్రంగా పలు దేశాలవాళ్లు సీ++లో రాసిన ఈ సాఫ్ట్‌వేర్ మొదటి విడుదల 1998 డిసెంబరులో వచ్చింది. కణాన్ని అది అడుగడుగుగా నడిపిస్తుంది. ప్రతి అడుగు ముందూ కేంద్రకాన్ని ఢీకొనడం, క్షయం, ఇలా ఒక్కో ప్రక్రియా తన వంతు దూరం చెబుతుంది. ఏది తక్కువ దూరం చెబితే దానిదే ఆ అడుగు. క్షయం వంతు వస్తే, ముందు తల్లి కణం నిశ్చలంగా ఉన్న చట్రంలో పిల్లలను పుట్టించి, యాదృచ్ఛిక సంఖ్యతో దిక్కు ఎంచి, ఆపైన లోరెంజ్ రూపాంతరంతో ప్రయోగశాల చట్రంలోకి తెస్తుంది. సొంతంగా కోడ్ రాసేవాళ్లు తడబడేది సరిగ్గా ఇక్కడే. అన్ని దిక్కులూ సమానంగా రావాలంటే సమానంగా పంచాల్సింది కోణాన్ని కాదు, దాని కొసైన్‌ను. కోణాన్ని పంచితే కణాలు రెండు ధ్రువాల దగ్గర గుంపు కడతాయి. బొమ్మలో మాత్రం అంతా బాగానే కనబడుతుంది.

ధనావేశ పయాన్‌ను ఒక్కదాన్ని నిశ్చలంగా పెట్టి, ట్రాకింగ్ వెర్బోస్ స్థాయి పెంచి చూడండి. తెర మీద వరసలు పడతాయి: అడుగు సంఖ్య, స్థానం, గతిజశక్తి, అడుగు పొడవు, ప్రక్రియ పేరు. ప్రక్రియ దగ్గర ‘డికే’ అని రాగానే రెండు కొత్త కణాలు కనబడతాయి. మ్యూయాన్ గతిజశక్తి 4.12 ఎంఈవీ, న్యూట్రినో శక్తి 29.79. మ్యూయాన్ ద్రవ్యరాశి 105.66 కూడా కలపండి, 139.57 వస్తుంది. అది పయాన్ ద్రవ్యరాశి. అదే ప్రయోగం రుణావేశ పయాన్‌తో ఇనుములో చేస్తే మ్యూయాన్ జాడే ఉండదు. ఆగిన రుణ పయాన్‌ను కేంద్రకం క్షయానికి ముందే మింగేస్తుంది. సాఫ్ట్‌వేర్ తప్పు అనుకుని గంటలు పోగొట్టుకునే కుర్రవాళ్లకు ఈ ముక్క ముందే చెప్పాలి.

కదిలే పయాన్‌కు లెక్క ఇంకా ముచ్చటగా ఉంటుంది. 5 జీఈవీ పయాన్ సగటున 280 మీటర్లు ప్రయాణించి విడిపోతుంది. మ్యూయాన్‌కు పయాన్ శక్తిలో 57 శాతం నుంచి నూరు శాతం దాకా, ఏ విలువైనా సమాన అవకాశంతో దక్కుతుంది. హిస్టోగ్రాం గీస్తే బల్లపరుపుగా రావాలి. వంకర వచ్చిందంటే చట్రం మార్పిడిలో ఎక్కడో తప్పు దొర్లినట్టే.

ఇక వంశం లెక్క. ప్రతి ట్రాక్‌కూ ఒక సంఖ్య, దాని తల్లికి ఒక సంఖ్య ఉంటాయి. మనం వదిలిన మొదటి కణానికి తల్లి సంఖ్య సున్నా. ఈ రెండూ భద్రపరచకుండా శోధకం (డిటెక్టర్)లో పడ్డ శక్తి మాత్రమే దాచుకుంటే, తర్వాత ఏ మ్యూయాన్ పయాన్‌ది, ఏది కేయాన్ అనే మరో కణానిది అని తేల్చడం కుదరదు. నిజమైన శోధకం ఈ వంశవృక్షం చెప్పదు. అనుకరణ చెబుతుంది. దాని విలువంతా అందులోనే ఉందని నా అభిప్రాయం. రంగురంగుల బొమ్మలది తర్వాతి మాట.

సంగారెడ్డి దగ్గర కందిలోని ఐఐటీ హైదరాబాద్ జపాన్ బెల్ 2 ప్రయోగంలో భాగస్వామి. ఆ ప్రయోగంలో 7 జీఈవీ ఎలక్ట్రాన్లు, 4 జీఈవీ పాజిట్రాన్లు ఢీకొంటాయి. పుట్టిన బీ మేసాన్లు మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త పైగా నడిచి విడిపోతాయి. వాటి క్షయ వరసలను ఎవ్ట్‌జెన్ అనే మరో ప్రోగ్రాం తయారుచేస్తే, శోధకంలో నడిపించేది జియాంట్4. పిల్లల శక్తీ ద్రవ్యవేగమూ కూడి తల్లి ద్రవ్యరాశి 5.28 జీఈవీ దగ్గర శిఖరం వచ్చిందా అన్నది అక్కడా చూస్తారు. యంత్రం ఎంత పెద్దదైనా పరీక్ష పాతదే.

జియాంట్4 ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. మన డిగ్రీ కాలేజీల ల్యాబుల్లో దీనికి చోటివ్వాలి. విద్యార్థులకు ఒక్క మాట: ప్రోగ్రాం నడిపే ముందు పయాన్ ద్రవ్యరాశి వర్గంలోంచి మ్యూయాన్ ద్రవ్యరాశి వర్గం తీసేసి, పయాన్ ద్రవ్యరాశికి రెట్టింపుతో భాగించండి. 29.79 కాగితం మీద వచ్చాకే తెర మీద వెతకండి.