కొలబద్ద కట్టేవాళ్లు

పెళ్లికూతుర్ని అందరూ చూస్తారు. పందిరి గుంజలు పాతినవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. అంతరిక్ష టెలిస్కోపులకు పరీక్షాశాలలు కట్టేవాళ్ల సంగతీ అంతే.

వాళ్ల పని విలువేమిటో హబుల్ టెలిస్కోపు నేర్పింది. దాని 2.4 మీటర్ల అద్దం వంపును కొలిచే పరికరంలో ఒక కటకం 1.3 మిల్లీమీటర్లు జరిగి బిగిసింది. సానపట్టినవాళ్లు ఆ కొలతనే నమ్మారు. ఎంతో నేర్పుగా, అచ్చంగా ఆ తప్పు కొలతకే అద్దాన్ని తీర్చారు. అంచు దగ్గర తేడా 2.2 మైక్రాన్లే. అయినా 1990లో కక్ష్యకు చేరాక బొమ్మలు మసకబారాయి. 1993లో వ్యోమగాములు వెళ్లి సరిదిద్దారు.

తర్వాతి టెలిస్కోపు జేమ్స్ వెబ్ ఉండేది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో. అక్కడికి మరమ్మతుకు వెళ్లే వీల్లేదు. అందుకే హ్యూస్టన్‌లోని జాన్సన్ అంతరిక్ష కేంద్రంలో, అపోలో నాటి ‘చాంబర్ ఎ’ని దానికోసం కొత్తగా మలిచారు. చుట్టూ ద్రవ నైట్రోజన్ తెర, దాని లోపల హీలియంతో చల్లబరిచే మరో తెర. నేల అదురు సోకకుండా టెలిస్కోపును ఉట్టిలా పైనుంచి కడ్డీలతో వేలాడదీశారు. గాలి తోడేసి, గడ్డకట్టే చలిలో, 18 అద్దాలు ఒక్క అద్దంలా కలుస్తాయో లేదో చూశారు. 2017లో సుమారు వంద రోజులు సాగిందీ పరీక్ష. నడుమ హార్వే తుపాను ఊరిని ముంచెత్తినా సిబ్బంది పని ఆపలేదు.

వెబ్ పంపిన బొమ్మల్లో నక్షత్రాలు సూదిమొనల్లా మెరుస్తుంటే, నాకు మాత్రం ఆ ఉట్టి కట్టినవాళ్లే గుర్తొస్తారు.